మర్నాటి దీపావళి

ఇవాళ పొద్దున రాజాం మార్కెట్లో గోగుకాడల కోసం తిరుగుతుంటే కూరలమ్మే ముసలమ్మ ఒకావిడ నన్ను జాలిగా చూసింది. "పండగ నిన్నే అయిపోనాది కదా బాబూ, ఇప్పుడీటితోటి ఏటి సేసుకుంటారు?" అంది. మా ఇంట్లో పండగ ఇవాళేనని చెప్పాను. ఆవిడ గోనెపట్టా కిందనుంచి వాడిపోయిన కట్ట ఒకటి లాగి నా చేతిలో పెట్టింది. పెద్దవాడికి మతి కాస్త సడలిందనుకుని ఉంటుంది. వీధి నిండా కాలిన టపాకాయల కాగితాలు. ఊరంతా కలిసి చేసుకున్న పండగని చీపుర్లవాళ్ళు ఓ మూలకి ఊడుస్తున్నారు. ఆ చెత్త మధ్యలోంచి కట్ట చంకన పెట్టుకుని నడిచి వస్తుంటే ఎప్పటిలాగే కాస్త సిగ్గేసింది. కాస్త గర్వంగా కూడా అనిపించిందనుకోండి, అది వేరే సంగతి.

మా వైపు దీపావళి సాయంత్రం టపాకాయల కంటే ముందు దివిటీలు కొట్టాలి. గోగుకాడల చివర నూనెలో తడిపిన పాతగుడ్డ చుట్టి, వెలిగించి, గుమ్మం ముందు నేలకేసి కొట్టి, ఆ కాడల్ని అక్కడే పారేసి, కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి తీపి తినాలి. కాళ్ళ మీద నీళ్ళు పోసేదీ, నోట్లో తీపి పెట్టేదీ ఆ ఇంటి ఇల్లాలు. ఇంటి మగవాడు లేకుండా దివిటీ కొట్టకూడదని మా అక్క పట్టుదల. ఆ మగవాడేమో, అంటే మా బావ, ఫైర్ స్టేషన్లో ఉద్యోగం. దీపావళి నాడు లోకంలో అందరికీ సెలవు దొరుకుతుంది గాని నిప్పులార్పేవాడికి దొరకదు. ఏ తారాజువ్వ ఎవరి పూరింటి మీద పడుతుందో తెలియదు కదా. అందుకని మా అక్క కాపురానికి వెళ్ళిన ఏడాదే పండగని మర్నాటికి జరిపేసింది. పంచాంగం రాసేవాళ్ళని ఎవర్నీ అడగలేదు.

అసలు ఆ పెళ్ళి జరగడమే ఓ విచిత్రం. మా నాన్న చీపురుపల్లిలో బడిపంతులు. సంబంధం తెచ్చినాయన "గవర్నమెంటు ఉద్యోగం, నరసన్నపేట" అన్నాడు. ఆ మొదటి మాట వినగానే మా నాన్న రెండో ప్రశ్న అడగడం మానేశాడు. బల్లా, కుర్చీ, తలమీద పంకా ఊహించుకుని లగ్గం పెట్టించేశాడు. పెళ్ళయ్యాక అల్లుడి ఆఫీసు చూద్దామని ముచ్చటపడి నరసన్నపేట వెళ్ళాడు. అల్లుడు నిక్కరు వేసుకుని ఎర్రబండి చక్రాలు కడుగుతున్నాడట. మామగారిని చూడగానే తడిచేతుల్తోనే దండం పెట్టాడట. మా నాన్న ఇంటికొచ్చి, మూడో రోజు నన్ను పిలిచి బ్యాంకు పరీక్షకి చదవమన్నాడు. ఇంట్లో ఒక్కడికైనా కుర్చీ ఉండాలన్నది ఆయన కోరిక. ఆ కోరిక నేను తీర్చాను. జీవితాంతం కుర్చీలోనే కూర్చున్నాను.

కొత్తలో నాకు నరసన్నపేట బ్రాంచిలోనే పోస్టింగు వచ్చింది. అక్కావాళ్ళింట్లోనే ఉండేవాణ్ని. బావ నన్ను ఏడిపించని రోజు లేదు. "ఒరే బామ్మర్దీ, ఇయాల ఎన్ని సంతకాలు పెట్టేసినావు? సెయ్యి నొప్పెడతందేటి? మీ అక్కని నూనె రాయమంటానుండు" అనేవాడు. నేను సాయంత్రం వేళకి ఇంటికొచ్చేసేవాణ్ని. బావ ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలిసేది కాదు. ఎండాకాలం పాకలు అంటుకునే రోజుల్లో అక్క అరుగు మీద చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఏరేసిన కందిపప్పునే మళ్ళీ ఏరేది. అందులో రాళ్ళు లేవని నాకూ తెలుసు, దానికీ తెలుసు. వీధి మలుపులో బావ సైకిలు గంట వినబడగానే చేట పక్కన పెట్టి, "నీళ్ళు తోడేనా?" అని అడిగేది. అంతే. అంతసేపు కూర్చున్న మనిషి అడిగేది ఆ ఒక్క మాటే.

నా పెళ్ళి సంగతి అడక్కండి. సంబంధాలు వచ్చాయి, ట్రాన్స్‌ఫర్లు వచ్చాయి. నాతో నిలిచినవి ట్రాన్స్‌ఫర్లే. ఏ ఊళ్ళో ఉన్నా దీపావళి మర్నాటికి అక్క గుమ్మంలో ఉండేవాణ్ని. బావ రిటైరై రాజాంలో ఇల్లు కట్టుకున్నాక, నేనూ రిటైరై వాళ్ళ వెనక వీధిలో ఓ వాటా తీసుకుని దిగిపోయాను.

మా మేనల్లుడు ఇంజనీరింగు పూర్తి చేసిన ఏడాది ఆ ఇంట్లో యుద్ధమే జరిగింది. వాడికి హైదరాబాదు కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అదే సమయంలో ఫైర్ సర్వీసుకీ ఎంపికయ్యాడు. మా వైపు తెల్లవారుజామున ఏ రోడ్డు మీద చూసినా పోలీసుకీ మిలటరీకీ పరుగులు తీసే కుర్రాళ్ళు కనిపిస్తారు. తెల్లారితే అదే రోడ్డు మీద ఇంజనీరింగు కాలేజీల పసుపు బస్సులు. వీడు ఆ బస్సు దిగి ఈ పరుగులో చేరతానంటున్నాడు. అందరికంటే మండిపడ్డది బావే. "నాను పొగ మింగింది సాల్లేదేట్రా? నువ్వు ఏసీ గదిలో కూకోవాలనే కదా సదివించినాను!" అన్నాడు. నన్ను సాక్ష్యానికి పిలిచారు. నేను బ్యాంకువాణ్ని, చల్లగా చెప్పుకొచ్చాను: ఆదివారం ఆదివారంలా ఉంటుంది, పండగ పండగనాడే వస్తుంది, చొక్కా మీద మసి ఉండదు, ప్రాణానికి భయం ఉండదు. వాడు అంతా విని, ఏ వెటకారమూ లేకుండా అడిగాడు. "మరి నువ్వేటి మావయ్యా, సెలవు ఉండి కూడా ఇన్నేళ్ళూ పండగ మర్నాడు మాతోటే సేసుకున్నావు?"

అప్పుడు అక్క వంటింట్లోంచి వచ్చింది. చేతిలో ఆ చేటే. "ఆడు ఎల్తానంటే ఎల్లనీండి. మీరు రిటైరైన కాణ్ణించీ వీధికేసి సూసే పని లేక నాకే తోచట్లేదు" అంది. బావ నవ్వబోయి, అక్క మొహం చూసి ఆగిపోయాడు. వాడు ఫైర్ సర్వీసులోనే చేరాడు, పండగ మర్నాటికే ఉండిపోయింది. అక్క మాత్రం వాడి కోసం ఎన్నాళ్ళో ఎదురుచూడలేదు. జబ్బు చేసి, తొందరగానే వెళ్ళిపోయింది.

ఈ సాయంత్రం నేను కట్ట పట్టుకుని వెళ్ళేసరికి బావ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పొద్దుటికే రావలసిన మేనల్లుడు పొద్దుగుంకుతున్నా రాలేదు. "ఫోనెత్తట్లేదురా" అన్నాడు. పనిలో ఉంటాడులే అన్నాను. "నానూ పనిలో ఉండేవోణ్నే కదా, నానెత్తేవోణ్ని కాదేటి?" అన్నాడు. నీ కాలంలో ఫోనెక్కడిది బావా అంటే నవ్వలేదు. గోగుకాడలకి నూనెగుడ్డలు చుట్టాడు. చుట్టినవి విప్పి మళ్ళీ చుట్టాడు. గేటు దాకా వెళ్ళొచ్చి మళ్ళీ విప్పాడు. ఆ చేతుల్ని చూస్తుంటే నాకు అక్క ఒళ్ళో చేట కనబడింది. ఏడుపొచ్చింది.

"మీ అక్క అన్నేళ్ళూ ఇలగే కూకుందేట్రా?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఇలాగే."

"నాతో ఎప్పుడూ సెప్పలేదు."

"నువ్వొచ్చేశాక ఇంకేటి సెప్తాది బావా?"

బాగా చీకటి పడ్డాక వాడొచ్చాడు. జుట్టంతా బూడిద, కళ్ళు ఎర్రగా. పొద్దున డ్యూటీ దిగబోతుంటే ఏదో పల్లెలో గడ్డివాములు అంటుకున్నాయట. "మనుషులకేటీ అవలేదు నాన్నా. దూడల్ని కూడా లాగేసినాం" అన్నాడు. బావ మెట్టు మీంచి లేచి, "నీళ్ళు తోడేనా?" అన్నాడు. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో మా ముగ్గురికీ తెలుసు. ముగ్గురం దివిటీలు వెలిగించి నేలకేసి కొట్టాం. బావ ముందు తన కాళ్ళు కడుక్కుని, ఆ తర్వాత వంగి కొడుకు కాళ్ళ మీద నీళ్ళు పోశాడు, నా కాళ్ళ మీద కూడా పోశాడు. తీపి నేను పెట్టాను, దుకాణంలో కొన్నదే. వీధిలో ఇంకే గుమ్మంలోనూ వెలుగు లేదు.

భోజనం చేసి వాటాకి తిరిగొచ్చాను. సాయంత్రం నేనే వేసిన తాళం నేనే తీసుకున్నాను. గోడ గడియారం నన్ను చూసి ఏమీ అడగలేదు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఏ ఊళ్ళోనైనా నేను వేళ తప్పకుండా ఇల్లు చేరాను. ఆలస్యంగా రావాలన్నా ఇంట్లో ఎదురుచూసే మనిషంటూ ఒకరుండాలని తెలుసుకునే వయసుకి, నాకిక ఆలస్యం కావడానికి పనే లేకుండా పోయింది.