ఎవరు ముందు మొదలుపెట్టాలి

మా తమ్ముడు చంద్రశేఖరానికి గిటారు పిచ్చి పట్టింది వాల్తేరులో. రైల్వేలో ఫిట్టరు పని నేర్చుకోరా నాయనా అని పంపితే, అక్కడి ఆంగ్లో ఇండియన్ కుర్రాళ్ళతో చేరి రాక్ పాటలు నేర్చుకొచ్చాడు ఘనుడు. బిగుతు ప్యాంటూ, భుజాన పాత ఎలక్ట్రిక్ గిటారూ! విజయనగరంలో మా వీధి వీధంతా అరుగులెక్కి చూసింది.

మా నాన్న అప్పలనరసింహంగారిది వయొలిన్. కచేరీల్లో పక్కవాద్యం వాయించేవారు. పాడేవాళ్ళు ఎత్తుకోకముందు కమాను కదపడం తప్పని శిష్యులకు నూరిపోసేవారు.

తమ్ముడు గిటారును రేడియోకి తగిలించి మోగిస్తే గూట్లో గిన్నెలు గలగలలాడేవి. నాన్న పల్లెత్తు మాట అనకుండా చెప్పులేసుకుని బయటికి పోయేవారు. తిట్టినా బాగుండును.

"ఒక్కపాలి ఇని, బాగోనేదని సెప్పినా సాలే అక్కా" అని వాడు నా దగ్గర ఏడ్చేవాడు. చీపురుపల్లిలో జనం ఈలలేసి మళ్ళీ వాయించమన్నా వాడికి ఆనలేదు. నాన్న వినాలి, అంతే.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. వాడు వాయిస్తుంటే నేను పప్పు రుబ్బుతూ తలూపేదాన్ని. ఆ ఇంగ్లీషు పాట ముక్క అర్థమైతే ఒట్టు. అయినా ఒళ్ళు ఊరుకునేదా!

చిన్నప్పటి కీళ్ళజ్వరం వాడి గుండెను ఎప్పుడో పాడుచేసిందట. అరవై ఎనిమిదిలో, నిండా పాతికేళ్ళు లేకుండానే మంచం పట్టాడు. డాక్టరు నాన్నను పక్కకి పిలిచి ఇక లాభం లేదన్నాడు. ఆ సాయంత్రం నాన్న ఉతికిన పంచె కట్టి, వాడి గదిలో చాప పరిచారు. వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టి, గిటారు చేతికిచ్చి, తాను పక్కవాద్యం చోట కూర్చున్నారు. వాడు తీగ మీటితే దానికి తగ్గట్టు తన వయొలిన్ శ్రుతి చేసుకున్నారు. గుమ్మంలో నిలబడ్డ నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

నాన్న కమాను ఆనించి వాడివైపు చూశారు. వాడు నాన్నవైపు చూశాడు. పెద్దవాళ్ళు కానీమనకుండా మొదలుపెట్టకూడదని వాడికి చిన్నప్పుడే అలవాటు చేశారు. ఒకరి కోసం ఒకరు అలా చూస్తూనే ఉన్నారు. ఈలోగా వాడికి ఆయాసం ముంచుకొచ్చింది.

"రేపు వాయిద్దాం నాన్నా."

"అలాగేరా, తొందరేటి."

తెల్లారేసరికి వాడు లేడు. ఆ తండ్రీకొడుకుల మర్యాదలు తగలెయ్య, ఇన్నేళ్ళయినా నాకు కోపం చల్లారదు.

కర్మలయ్యాక నాన్న నన్ను పిలిచారు.

"ఆడెందుకు మొదలెట్టనేదే?"

"మీరు కానీమంటారని సూసేడు నాన్నా."

"కానీమనడానికి నేనెవర్నే? ఆ పూట కచేరీ ఆడిది" అన్నారు.