ఒప్పజెప్పడానికి మనిషి లేని పాఠం

డెబ్బైల మొదట్లో, నేను పదో తరగతి చదవవలసిన ఏడాది, నాన్నగారి ఉద్యోగం తెలుగు బడి లేని ఊరికి మారింది. నన్ను విజయవాడ వన్ టౌన్‌లోని మా మేనమామ ఇంట్లో ఉంచారు. అంతకు ముందు యానాంలో చదివినందువల్ల నా రెండో భాష ఫ్రెంచి. కొత్త బడిలో తక్కిన అందరిదీ హిందీ.

ప్రధానోపాధ్యాయులవారు నా కాగితాలు చూశారు. "ఇప్పుడు హిందీ మొదలుపెడితే అందుకోలేవు. ఫ్రెంచే రాయి. పర్మిషన్ నేను తెప్పిస్తాను. చెప్పేవాళ్ళు మాత్రం మన బళ్ళో లేరు. తప్పావంటే ఏడాది పోయినట్టే."

"పోతే కొట్లో కూర్చుంటాడు లెండి" అన్నాడు మామయ్య. ఆయనది బెల్లం, చింతపండు టోకు వ్యాపారం. ఆ మాట వేళాకోళానికి అనలేదు; అందుకే నాకు భయం వేసింది.

హిందీ పీరియడులో నన్ను వరండాలో కూర్చోబెట్టేవారు. లోపల తరగతి అంతా ఒక్క గొంతుతో పాఠం చదువుతుంటే, నేను బయట పుస్తకం తెరిచి పెదవులు కదిలించేవాణ్ణి.

క్రమం తప్పడం నాకు ఆనాడూ గిట్టేది కాదు. వేకువనే, వీధిలోకి బండ్లు రాకముందే డాబా ఎక్కి, ఎక్కాలు వల్లించినట్టు రాగం పెట్టి, పాఠాలన్నీ వరసగా కంఠస్థం చేశాను. మా కాలంలో చదువు అంటే వల్లెవేయడం, ఆపైన పెద్దల ముందు నిలబడి ఒప్పజెప్పడం. వల్లెవేయడం నా చేతిలో ఉంది. ఒప్పజెప్పించుకొనే మనిషి లేడు.

ఒక ఆదివారం అత్తయ్య బియ్యంలో రాళ్ళు ఏరుతూ పిలిచింది.

"ఆ గోడకి ఒప్పజెబుతావేంట్రా, అది తప్పంటుందా ఒప్పంటుందా? ఇటు తే పుస్తకం."

"మీకు రాదుగా అత్తయ్యా."

"రాకపోతే మానె. పట్టుకోవడం వచ్చుగా."

పాఠం గడగడా ఒప్పజెప్పాను. ఆమె పేజీ నడుమ ఒకచోట వేలు పెట్టి, "ఇదేంటో చెప్పు" అంది. చెప్పలేకపోయాను. మొదటి వాక్యం నుంచి మనసులో పరుగెత్తుకు వస్తే తప్ప ఆ వాక్యం అందలేదు.

"మా అమ్మ వ్రతకథ ఇలాగే చెప్పేది. మధ్యలో ఎవరన్నా తుమ్మితే మళ్ళీ మొదటికొచ్చేది. నీకు వరసొచ్చిందిరా, పాఠం రాలేదు."

కోపం వచ్చింది. అయినా మరునాడే పద్ధతి మార్చాను. వాక్యాలను చీటీల మీద రాసి ఒక డబ్బాలో కలిపాను. అత్తయ్య చేతికి వచ్చిన చీటీ తీసి ఇచ్చేది. నేను దానికి తెలుగు చెప్పేవాణ్ణి. ఆ తెలుగును మరునాడు పుస్తకం చూడకుండా మళ్ళీ ఫ్రెంచిలో రాసేవాణ్ణి. ఒక్కొక్కసారి నా తెలుగు విని ఆమె, "ఇది మనుషులు మాట్లాడే మాటేనా?" అనేది. వెతికితే చాలావరకు అక్కడే నా పొరపాటు దొరికేది.

పరీక్షలకు ముందు ఆమె కూతురి కానుపుకు చల్లపల్లి వెళ్ళింది. చీటీ నేనే తీసి, నాకు నేనే చెప్పుకొన్నాను. తప్పు పట్టేవారు లేని ఇంట్లో మనిషికి తన గొంతే పరాయిదిగా వినిపిస్తుంది.

పరీక్షకు నన్ను వేరే గదిలో కూర్చోబెట్టారు. ప్రశ్నపత్రంలో ఇచ్చిన వాక్యాలు ఏ పాఠానికీ మొదలు కావు. అయినా రాశాను. బయటికి వచ్చేసరికి హిందీ రాసినవాళ్ళు గుంపుగా నిలబడి జవాబులు సరిచూసుకొంటున్నారు.

"నీకేంట్రా దొరా, నీది తప్పని చెప్పేవాడే ఈ ఊళ్ళో లేడు" అన్నాడు ఒకడు.

అందరితోపాటు నేనూ నవ్వాను. అటువంటివాడు ఒక్కడుంటే ఆ మధ్యాహ్నమే అతని ఇంటికి వెళ్ళి ఉండేవాణ్ణి.

పత్రికలో నా నంబరు కనిపించిన రోజు మామయ్య కాటా దగ్గర ఉన్నాడు.

"పాసయ్యాను మామయ్యా."

"ఫ్రెంచి కూడానా?"

"కూడా."

"అయితే కాలేజీ అప్లికేషన్ తెచ్చుకో" అని మళ్ళీ తూకం వైపు తిరిగాడు.

సాయంత్రం కాలవ గట్టున నడుస్తూ, పాసయ్యానన్న మాటను ఫ్రెంచిలో పైకే అన్నాను. ఎదురుగా వస్తున్న రిక్షా అతను, తననే పిలిచాననుకొని ఆగాడు. కాదని చెయ్యి ఊపాను.