మొగ్గ తొడిగిన అత్తిపత్తి

విత్తనాలు వేడినీళ్లలో నానబెట్టి, మంచి ఎండలో పెంచిన నా అత్తిపత్తి తొలిసారి మొగ్గ తొడిగింది. ఆ కుండీని ఒళ్లో పెట్టుకుని జనగామలో మహబూబాబాద్ బస్సెక్కడం నా తెలివికి నిదర్శనం. పక్కసీటు అవ్వ, ఆకులు విచ్చుకున్నప్పుడల్లా ముట్టుకుని, అవి ముడుచుకుంటే నవ్వుతోంది. తొర్రూరు దాకా ఓపికపట్టాను.

"అవ్వా, జర ఆపు. ఊకె ముడితే సత్తువంత ఆకులు తెరుసుడుకే పోతది, పువ్వు పుయ్యదు."

"గా ముచ్చట ముందుగాల చెప్పద్దా?" అని నన్నే కసిరి, చేతులు కొంగులో దాచుకుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. కండక్టర్ వేలు చాపగానే "ముట్టకు! పువ్వు పుయ్యదట!" అని బస్సంతా వినేలా అరిచింది. సిగ్గేసి కుండీ సర్దబోతే నా చేతిమీద ఒక్కటిచ్చింది.

"నువ్వు సుత ముట్టొద్దు!"

ఇప్పుడది గులాబీరంగు పూలు పూస్తోంది. నీళ్లు పోసేటప్పుడు నా చెయ్యి మాత్రం దానంతటదే దూరం జరుగుతుంది.