నిగనిగలాడే మందలో నట్టలు

పశువుల ఆసుపత్రి ల్యాబ్‌లో ఆమె పని, ఒక్క ముక్కలో చెప్పాలంటే, పేడ చూడటం. "మా చెల్లెలు పెద్ద ఉద్యోగస్తురాలు. పొద్దస్తమానం పెంటికల్లో తల దూర్చుకుని ఉంటుంది" అని గొర్రెలు మేపుకునే అక్క నలుగురిలో ఆటపట్టించేది. ఆమె కూడా నవ్వేసేది.

ఆ ఏడు, ఏ జబ్బూ లేనట్టు కనిపించే జీవాలను పరీక్షించమని పైనుంచి చెప్పారు. ఎవరినో బతిమాలడం ఎందుకని అక్క మందలోంచే పెంటికలు తెచ్చుకుంది. చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి, పైకి తేలినదాన్ని గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో చూస్తే, పురుగుల గుడ్లు. ఇంకో గొర్రెవి చూసింది. అవే. మందలో సగానికి పైగా అంతే.

సాయంత్రం దొడ్డికి వెళ్లి చెప్పింది. అక్క తడిక మీద చేయి వేసి నవ్వింది.

"కళ్లు పెట్టి చూడవే, ఎలా నిగనిగలాడుతున్నాయో. వీటికా రోగం?"

"పైకి తెలీదక్కా. కడుపులో ఈ పురుగులు, నట్టలు, రక్తం తాగేస్తుంటాయి. మందు పట్టించు."

ఆసుపత్రిలో నట్టల మందు నిండుకుంది. చెల్లెలి మాట కాదనలేక అక్క బయట కొని అన్నిటికీ పట్టించింది. కొన్నాళ్లాగి మళ్లీ చూస్తే గుడ్లు ఏమాత్రం తగ్గలేదు. డాక్టరుగారు పెదవి విరిచారు. "ఏళ్ల తరబడి అందరూ ఇదే వాడారమ్మా, పురుగులకు అలవాటైపోయింది. వేరే మందు రావాలి. ఈలోగా మేత చోటు మార్చమను."

"ఎక్కడికి మార్చనే?" అంది అక్క. కాలువ గట్టు తప్ప ఆమెకు మేపుకోవడానికి జానెడు నేల లేదు. ఆ గడ్డి నిండా ఆ పురుగుల పిల్లలే.

వానలు మొదలయ్యాక, ఎప్పుడూ మంద ముందు నడిచే తల్లిగొర్రెకు దవడ కింద నీరు దిగి వాచింది. చెల్లెలు దాని కంటిరెప్ప తిప్పి చూసింది. సున్నంలా పాలిపోయి ఉంది. మర్నాడు అది లేవలేదు.

అక్క ఏడవలేదు, తిట్టలేదు. "తెలియనప్పుడు హాయిగా నిద్రపోయేదాన్ని" అంది, అంతే.

ఇప్పుడు వారం వారం అక్కే కవర్లో పెంటికలు కట్టుకొచ్చి ల్యాబ్ గుమ్మంలో నిలబడుతుంది. "తగ్గాయేమో చూడవే." వేరే మందు ఇంకా రాలేదు. చూడకముందే చెల్లెలికి జవాబు తెలుసు. అయినా కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. అవసరమైనదానికన్నా ఎక్కువసేపు ఆ పలకనే చూస్తూ ఉండిపోతుంది.