రాయికి మొలిచిన చేతులు

తొంభైల్లో నేను మహబూబ్‌నగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని. కిరాయికున్న ఇంటి యజమానురాలిని ఆపా అని పిలిచేదాన్ని. ఆమె వరండాలో అద్దాల తొట్టి పెట్టి ఫైటర్ చేపలను పెంచేది. భర్త రామేశ్వరం నుంచి తెచ్చిన పగడపు రాయి బస్సులోనే ఒక అంచు విరిగింది. అయినా దాన్ని తొట్టి నడుమ నిలబెట్టుకుంది.

ఒక పొద్దున ఆపా నా తలుపు కొట్టింది.

"మేడం, రాయికి పానమొచ్చింది. చేతులు మొలిచినయ్. జర వచ్చి చూడుండ్రి" అన్నది.

విరిగిన చోట నూలుపోగుల్లాంటి తెల్లని ప్రాణులు వేలాడుతున్నాయి. ఒక్కోదాని కొసన వెంట్రుకల్లాంటి చేతులు. చూడగానే పోల్చుకున్నాను. అవి హైడ్రాలని, చచ్చిన పగడం మళ్లీ బతకదని, చేపల మేతకని చెరువు నుంచి తెచ్చే నీటిపురుగులతో ఇవీ వచ్చి ఉంటాయని చెప్పాను. ఆపా మొహం చిన్నబోయింది. అప్పటికే వాడకట్టు ఆడవాళ్లందరినీ పిలిచి చూపించిందట.

చెప్తే నమ్మే మనిషి కాదు. కొన్నింటిని తొట్టి నీళ్లతో పాటు సీసాలోకి తీసుకొని, ఆమెను కాలేజీ ల్యాబుకు తీసుకెళ్లాను. బుర్ఖా ముసుగు పైకెత్తుకొని మైక్రోస్కోపు మీదికి వంగింది. వంగిన మనిషి ఎంతకీ లేవలేదు. ఆమె చూస్తుండగానే హైడ్రా ఒక నీటిపురుగును చేతులతో చుట్టి మింగింది. దాని ఒంటికి ఒక పక్క చిన్న మొగ్గ ఉంది. ఆ మొగ్గకూ చేతులున్నాయి.

"గిది దాని బిడ్డనా?" అని అడిగింది.

"అవునాపా. కొమ్మకు చిగురేసినట్టు పుడతది. పగడానికి ఇది దూరపు చుట్టం."

"చుట్టమైతే దాన్ని ఎతుక్కుంటనే వచ్చింది" అన్నది, గెలిచినట్టు.



ఇంటికొస్తుంటే ఆమెకే తట్టింది, గుడ్లలోంచి వచ్చిన చేపపిల్లలు నాలుగు రోజులకే ఎందుకు మాయమవుతున్నాయో. వచ్చీ రాగానే ఉన్న పిల్లలను వేరే గిన్నెలోకి మార్చింది. అవన్నీ బతికి పెద్దవయ్యాయి. రాయిని ఎండలో పడేయమన్నాను గాని వినలేదు. దానికి ఒక గాజు జాడీ కేటాయించి, రోజూ మేత వేసింది.

మా ల్యాబులో అప్పటిదాకా గాజు పలకల మీద రంగువేసి అతికించిన చచ్చిన హైడ్రాలే ఉండేవి. ఆ ఏటి నుంచి విద్యార్థులకు బతికినవే చూపించాను. క్లాసున్న రోజు ఆపానే సీసాలో వేసిచ్చేది. సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే, పిల్లలు వాటిని మంచిగ చూశారా అని అడిగేది.