అవ్వ వేళ్లు, నా పెళ్లిచూపులు

నా పెళ్లిచూపులు చెడగొట్టడానికి శత్రువులెవరూ అక్కర్లేకపోయింది. ఆ పని నేనే, అదీ ఫీజు తీసుకోకుండా, శ్రద్ధగా చేసుకున్నాను. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకోండి.

అప్పుడు నేను పార్కిన్సన్స్ జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టిన కొత్త న్యూరాలజిస్టును. గిన్నెలో పెరుగు కదిలినా నాకు అనుమానమే. ఆ జబ్బుకు ఒక గుర్తుంది: చేయి ఊరికే ఉన్నప్పుడు బొటనవేలూ చూపుడువేలూ మాత్ర చుడుతున్నట్టు రుద్దుకుంటాయి.

అమ్మా నేనూ మా ఊళ్లోనే ఉన్న జోడ్‌భావి పేట్‌లో సునంద అనే అమ్మాయిని చూడ్డానికి వెళ్లాం. చూడగానే నచ్చింది, ఆ మాట దాచుకోను. అంతలో నా కళ్లు పక్కనున్న వాళ్ల నానమ్మ మీద పడ్డాయి. ఒళ్లో చేతులు ఖాళీ. వేళ్లు మాత్రం చుడుతున్నాయి!

"అవ్వా, ఈ వేళ్లు ఎప్పటిసంది ఇట్ల ఆడుతున్నయి?"

"యాదికి లేదు కొడుకా. నా పెండ్లి కానప్పటిసంది."

అంత పాత కేసా! ఆనందం పట్టలేకపోయాను.

"జర లేచి నిలవడుండ్రి."

అవ్వ నిలబడింది. నిలకడ తెలుసుకోవడానికి మేం రోగి భుజాలు పట్టి వెనక్కి గుంజుతాం. ముందు చెప్పి గుంజాలి. నేను చెప్పలేదు. అవ్వ వెళ్లి మా కోసం కింద పెట్టిన అటుకుల పోహే పళ్లెంలో కూర్చుంది. దెబ్బ తగల్లేదు గానీ పళ్లెం సొట్టపోయింది.

"పిల్లను చూడనొచ్చి ముసలమ్మను గుంజుతవా?" అని సునంద తండ్రి లేచాడు.

"పార్కిన్సన్స్ లక్షణం," అన్నాను గంభీరంగా.

మా అమ్మ ముఖం మాడిపోయింది. "గట్లయితే ఈ సంబంధం నకో. రోగమున్న ఇంటి పిల్ల మనకెందుకురా?"

"అమ్మా, అది ఇంట్ల అందరికొచ్చే రోగం కాదే!" అన్నాను. వినేదెవరు? అమ్మ చెప్పులు వెతుక్కుంటోంది.

అప్పుడు సునంద మొదటిసారి నోరు విప్పింది. "డాక్టర్ సాబ్, మీ అమ్మ చేతులు గూడ చూడుండ్రి."

చూశాను. అమ్మ వేళ్లు అచ్చం అవ్వ వేళ్లలాగే చుడుతున్నాయి!

"మా అవ్వ బీడీలు చుడుతది. మీ అమ్మ గూడ చుట్టేదంట గద. మీరొస్తున్నరని ఆకు, తంబాకు చాటల పెట్టి దాచినం. వేళ్లను యాడ దాయాలె?"

నేను పుట్టి పెరిగింది ఇంటింటా బీడీలు చుట్టే భవాని పేట్‌లో. నాకు అన్నం కలిపి తినిపించింది ఆ వేళ్లే. సిగ్గుతో తల దించుకుని నిలబడ్డాను. అదే పొరపాటైంది. అవ్వ వెనక నుంచి వచ్చి నా భుజాలు పట్టి ఒక్క గుంజు గుంజింది. నేను వెళ్లి అదే పళ్లెంలో పడ్డాను.

"పడ్డడు! రోగం వీనికే ఉన్నది," అంది అవ్వ చీర దులుపుకుంటూ. "పాపం, చూసుకునేటోళ్లు కావాలె. చేసుకో బిడ్డా."

సునంద నవ్వు ఆపుకోలేక తలూపింది. మా అమ్మ చెప్పులు విడిచింది.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఏం పని చేస్తారని అడగకుండా ఈ జన్మలో ఎవరి వేళ్లకూ జబ్బు అంటగట్టను. మా అత్తగారింట్లో గోడకు వీపు ఆనించకుండా నిలబడను కూడా. అవ్వ ఇప్పటికీ పరీక్ష చేస్తూనే ఉంది.