అత్తమ్మ ఎంటర్ కొట్టని పోస్టులు

నాకు ముక్కు మీదే కోపం. కంప్యూటర్ మాట వినకపోతే మరీను. ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తానన్న పేరే గానీ, ఆ రోజు మా అత్తమ్మ అప్పగించిన పనికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అత్తమ్మ కొత్తవాడలో మగ్గం మీద జంపఖానాలు నేస్తుంది. నేసినవి నేసినట్టే అమ్ముడైపోతాయి కాబట్టి, ప్రతిదానికీ ఫొటో తీసి, దాని ముచ్చట ఒక ఉచిత బ్లాగులో పెట్టడం అలవాటు చేసుకుంది. ఆ బ్లాగు నడిపే కంపెనీ దాన్ని ఆ సాయంత్రానికల్లా మూసేస్తోంది. మిగతావి పోయినా ఆమెకు ఫికర్ లేదు. చనిపోయిన మామయ్య సొంతంగా కట్టిన ఎర్ర వజ్రాల డిజైన్ ఒక్కటి కావాలి. ఆయన కాగితం మీద గీసేవాడు కాదు, అంతా తలలోనే. ఆ జంపఖానా ఎవరింట్లో ఉందో తెలియదు. దాని ఫొటో మిగిలింది బ్లాగులోనే.

“దొరుకుతదా బిడ్డా? దొరకకుంటే ఆయన పనితనం ఆయనతోనే పాయె” అంది.

బ్లాగు రాతంతా ఒకే ఫైలుగా దిగింది. ఫొటోలు రాలేదు, వాటి లింకులే ఉన్నాయి. చదరపు బ్రాకెట్లలో ఫొటో పేరు, పక్కనే గుండ్రటి బ్రాకెట్లలో చిరునామా. చేత్తో ఏరితే ఎప్పటికి తెమిలేను? రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాశాను. అంటే, ఫలానా గుర్తుతో మొదలై ఫలానా గుర్తుతో ముగిసేవన్నీ ఏరిపెట్టమని కంప్యూటర్‌కు ఇచ్చే నమూనా. ఇదేమన్నా బ్రహ్మవిద్యా అనుకున్నాను.

తీరా చూస్తే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు పోస్టుకు ఒక్క లింకే! అదీ పేజీ పొడుగున. ఫైలు తెరిచాక అర్థమైంది. అత్తమ్మ టైపు చేయదు, ఫోన్‌కు నోటితో చెప్తుంది. నడుమ నడుమ ఫొటో బటన్ నొక్కుతుంది. ఎన్ని జంపఖానాల ముచ్చటైనా ఒకటే వరుస. నా నమూనా ఉత్త ఆశబోతు. మొదటి బ్రాకెట్ పట్టుకుని, ఆ వరుసలో చివరి బ్రాకెట్ దాకా ఉన్నదంతా మింగేసింది.

“మధ్యల ఎంటర్ కొట్టాలె కదా అత్తమ్మా!” అని అరిచాను.

“మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఎంటర్ ఏడ కొట్టాలె? కోపమొస్తే నువ్వు నడుమల ఆగుతానవా?”

నాకు నవ్వు ఆగలేదు. నమూనాలో ఒక ప్రశ్నార్థకం చేర్చాను. దాంతో అది మొదట కనబడిన మూత బ్రాకెట్ దగ్గరే ఆగుతుంది. లింకులు బొలబొలా రాలాయి. ఫొటోలు దింపుకుని ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం. ఎర్ర వజ్రాలు లేవు. అత్తమ్మ చాయ్ పెట్టడానికి లేచింది. అరిచినా బాగుండేది, నా ప్రాణం ఉసూరుమంది.

“ఆ ఫొటో ఎట్ల పెట్టినవ్ అత్తమ్మా? జర యాది చేసుకో” అన్నాను.

“అప్పటికి నాకు బటన్ నొక్కుడు రాదు. ఫొటో మా కొడుక్కు పంపితే వాడు నెట్ల పెట్టి లింకు పంపిండు, గదే తెచ్చి అంటిచ్చిన.”

ఓర్నీ! బ్రాకెట్లే లేని లింకు నా నమూనాకు ఎట్లా చిక్కుతుంది? లింకు చిరునామా ఎక్కడ మొదలైనా సరే, ఖాళీ వచ్చేదాకా పట్టుకురమ్మని ఇంకొకటి రాశాను. ముందు దొరికినవి తీసేస్తే కొత్తది ఒక్కటే మిగిలింది. నొక్కాను.

మగ్గం మీద సగం నేసిన జంపఖానా. ఎర్ర వజ్రాలు మెట్లు మెట్లుగా ఎక్కి సగంలో ఆగాయి. పక్కన మామయ్య, కెమెరాకు చెయ్యి అడ్డం పెడుతూ నవ్వుతున్నాడు.

“పూర్తి గాలే, ఫొటో తియ్యకే అన్నడు. నేను ఇన్లే” అంది అత్తమ్మ. ముఖమంతా నవ్వే.

“సగమే ఉన్నది కదా, మరెట్ల?” అన్నాను నేను దిగులుగా.

ఆమె తెర మీద ఆ మెట్లను ఒక్కొక్కటే వేలితో తడుముతూ ఆయన చేతి దాకా వచ్చి ఆగింది.

“సగం సాలు బిడ్డా. మిగిలిన సగం గదే తిరగేసి నేసుడు. గది నేను నేస్త.”